తొమ్మిదో కుట్టు

తూర్పుకొండ మీద సూర్యబింబం అంచు సన్నని ఎర్రగీతలా కనబడింది. ఆ మరుక్షణం గంధకపు మడుగు కుతకుతలాడింది. పసుపుపచ్చని ఆవిరి తెరలు తెరలుగా లేచింది. మడుగు అడుగు నుంచి నల్లరాతి పలకలు ఒకదాని వెనుక ఒకటి తేలి వచ్చి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వంతెనై నిలిచాయి. ఆవలి గట్టున, చుట్టలు చుట్టుకుంటూ ఆకాశంలోకి పోయిన తెల్లని గోపురాలతో, ఒక్కొక్క గోపురానికి కాపలాగా ఒక్కొక్క రాబందుతో, మాంత్రికుడు ధూమ్రజటుడి శంఖదుర్గం కనిపించింది. అన్నిటికన్నా ఎత్తయిన గోపురపు కిటికీలో ఎర్రని పైట చెంగు ఒకటి రెపరెపలాడుతున్నది. ఆ చెంగు కుంభగిరి రాకుమారి మధూళికది.

ఈవలి గట్టున ఆమె అన్న, యువరాజు వసుకీర్తి, నల్లని గుర్రం మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. వంతెన సంగతి అతనికి తెలుసు. అష్టమినాడు ఒకసారి, పున్నమినాడు ఒకసారి తేలుతుంది. సూర్యుడి అంచు కనబడగానే లేచి, నిండు బింబం కొండను విడవగానే మునుగుతుంది. ఏ పలక మీదనైనా ఏడు లెక్కపెట్టేంతసేపు ఆగితే ఆ పలక కుంగిపోతుంది. కాలినడకన పోయేవాడికి ఆ కాస్త సమయం చాలదు, దౌడు తీసే గుర్రానికి సరిగ్గా సరిపోతుంది. వచ్చే పున్నమి సాయంత్రం ధూమ్రజటుడు మధూళికను క్షుద్రదేవతకు బలి ఇవ్వబోతున్నాడు. ఇవాళ అష్టమి.

“పద, శత్రుభంజనా!” అంటూ వసుకీర్తి మడమలతో పొడిచాడు.

గుర్రం కదలలేదు. చెవులు వెనక్కి పెట్టి, నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడింది. మళ్లీ పొడిచాడు. అది ముందుకు పోవడానికి మారుగా వెనక్కి ఒక అడుగు వేసింది. అవతల ఎర్ర చెంగు ఊగుతున్నది, ఇవతల సూర్యుడు సగం లేచాడు. వసుకీర్తికి కళ్లు బైర్లు కమ్మాయి. కొరడా తీశాడు. ఒకటి, రెండు, పది. లెక్క తప్పింది. గుర్రం పిరుదుల మీద తోలు చిట్లి నెత్తురు కారింది కానీ ముందటి కాలు మాత్రం లేవలేదు. నిండు బింబం కొండను విడిచింది. వంతెన బుడబుడమంటూ మునిగిపోయింది. కిటికీలో చెంగు ఊగడం ఆగింది.

“యువరాజా!” అంటూ ఒక రాబందు నోట ధూమ్రజటుడి గొంతు పలికింది. “నీ గుర్రం వీపు మీద నా రెండు చేతుల ముద్రలున్నాయి. నేను పొమ్మంటే తప్ప అది పోదు. ఊరికే చెయ్యి నొప్పి పుట్టించుకోకు!”

వసుకీర్తి కిందికి దూకి, కొరడా విసిరేసి, గుర్రం పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి లేచాడు. రాచబిడ్డ కనుక ఎక్కడం దిగడమే తప్ప, జీను విప్పే పని ఎన్నడూ అతనిది కాదు. ఆ పనికి సేవకులుండేవారు. ఇప్పుడు ఎవరూ లేరు. తడుముకుంటూ కడుపు పట్టీ విప్పి, కీర్తిముఖం చెక్కిన ఆ బంగారు తాపడపు పట్టపు జీనును రెండు చేతులా లేపి కింద పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక తన చేత్తో జీను దించడం అదే మొదటిసారి.

గుర్రం ఒళ్లు విదిలించింది. దీర్ఘంగా ఊపిరి వదిలింది. తర్వాత ఎవరూ పొమ్మనకుండానే, తాపీగా, ముందుకు మూడడుగులు వేసి గడ్డి పీకింది.

వసుకీర్తి గుడ్లప్పగించి చూశాడు. గుర్రం వీపంతా చెమటతో తడిసి నల్లగా మెరుస్తున్నది. మూపుకు ఇరుపక్కలా మాత్రం, అరచేయంత మేర, రెండు మచ్చలు పొడిగా ఉన్నాయి. ఆ పొడి మచ్చల్లో నల్లని వెంట్రుకల మధ్య తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ఇవే ఆ హస్తముద్రలు. వీటి కోసమే రెండేళ్ల కిందట ఒక మనిషి చేతులు కాల్చారు.

కుంభగిరిలో పట్టపు గుర్రాన్ని సుడులు చూసి ఎంచుతారు. నుదుట ఒకటి, రొమ్మున రెండు, డొక్కల్లో రెండు సుడులుంటే అది రాజయోగపు గుర్రం. దాని వీపు ఎంత వెడల్పో అడిగినవాడు లేడు. జీను మాత్రం ఒక్కటే, ముత్తాతల నాటిది. దానికి తోలు కుట్టే ఆరె గుచ్చితే వంశం నిలవదని శాసనం. తాతలు నేతులు తాగారు కనుక మనవల మూతులు వాసన చూడమన్నట్టు, ఆ జీను ఎన్ని తరాలు దాటితే అంత గొప్పదని అందరూ మురిసిపోయారు. విజయదశమి ఊరేగింపులో నడివీధిలో గుర్రం మొరాయించింది. జీను దించి చూస్తే ఈ మచ్చలు బయటపడ్డాయి. అవి ధూమ్రజటుడి హస్తముద్రలేనని జ్యోతిష్కులు తేల్చారు. జీనులు కుట్టే మాచయ్య రోజూ పొద్దున్నే ఆ గుర్రం వీపు మీద రెండు చేతులూ ఆనించి నిలబడేవాడని సేవకులు సాక్ష్యం చెప్పడంతో, మాంత్రికుడి తరఫున ఆ ముద్రలు వేసింది అతనేనన్నారు.

“జీను నొక్కుతోంది దొరా. ఒక్కసారి జీను దించి నడిపించి చూడండి” అని మాచయ్య ఎంతో మొత్తుకున్నాడు.

“నిర్దోషివైతే నీ చేతులు కాలవు” అన్నాడు వసుకీర్తి. కాల్చిన గడ్డపలుగు తెప్పించింది అతనే. ఇనుముకు న్యాయం తెలుసని నమ్మాడు ఆ మహానుభావుడు. చేతులు కాలాయి. మాచయ్యను సరిహద్దు దాటించారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. ఇక్కడ కాలినవి ఒకరి చేతులు, ఆకులు వెతుక్కుంటున్నది ఇంకొకరు. వసుకీర్తి గుర్రం మెడ మీద తల ఆనించి ఏడ్చాడు. ఏడ్చి లేచేసరికి పొద్దు బారెడెక్కింది.

మాచయ్య కంటకవనానికి అవతల, నాగులేటి ఒడ్డున ఉన్నాడని వేగుల వల్ల ఎప్పుడో విన్నాడు. కంటకవనం దొంగల రాజ్యం. వసుకీర్తి నగలు తీసి మూటగట్టుకున్నాడు. మొహానికి మసి రాసుకుని, గుర్రాల బేరగాడిలా తలపాగా చుట్టాడు. గుర్రం నుదుటి తెల్లచుక్కకు కూడా మసి పూశాడు. ఇక జీను. దాన్ని మళ్లీ ఆ వీపు మీద పెట్టడానికి అతనికి మనసు రాలేదు. తన భుజాన వేసుకున్నాడు.

ఆమడ దూరం నడిచేసరికి జీను లోపలి చెక్క భుజాన్ని రెండు చోట్ల కొరికింది. దుస్తుల కింద తోలు లేచిపోయింది. ఖాళీ జీను మోస్తేనే ఇట్లా ఉంటే, దాని మీద తనంతటి మనిషి కూడా ఎక్కితే ఎట్లా ఉంటుందోనని లెక్క వేసుకుంటూ నడిచాడు. భుజం మార్చుకోబుద్ధి కాలేదు.

ముళ్లకంచెల సందులో నలుగురు దొంగలు బల్లేలతో అడ్డం పడ్డారు. చూసీ చూడగానే నవ్వాపుకోలేకపోయారు.

“ఏందిరో ఇది! గుర్రానికి జీను ఎయ్యాల్సిందిపోయి, మనిషే ఏసుకున్నాడు! యాడికి సామీ సవారీ?”

“ఎక్కేది గుర్రమేమోరా, అడుగు!” అన్నాడు ఇంకొకడు.

వసుకీర్తి మారుమాటాడకుండా జీను ముందరి బంగారు కీర్తిముఖాన్ని రెండు చేతులా పట్టి ఊడబెరికాడు. ముత్తాతల నాటి మేకులు కీచుమన్నాయి. దాన్ని దొంగల నడుమకు గిరాటు వేశాడు. నలుగురూ దాని మీద కలబడ్డారు. ఆ సందున జీను మళ్లీ భుజానేసుకుని, గుర్రం మెడ పక్కన చేరి పరుగు లంకించుకున్నాడు. ఎక్కలేదు, ఎక్కితే ఆగుతుందని భయం. పగ్గం పట్టి లాగలేదు, లాగడానికి తీరిక లేదు. అతనెంత వేగంగా ఉరికితే గుర్రం అంత వేగంగా పక్కనే ఉరికింది. వెనుక నుంచి బల్లెం ఒకటి వచ్చి తలపాగా ఎగరగొట్టింది. ఎదురుగా వాగు అడ్డం వచ్చింది. జూలు దొరకబుచ్చుకుని దూకాడు, గుర్రం కూడా దూకింది. ఇద్దరూ అవతలి ఇసుకలో పడి దొర్లి, లేచి, మళ్లీ పరిగెత్తారు. దొంగల కేకలు వెనకబడిపోయాయి.

ఆగి ఒగురుస్తుంటే వసుకీర్తికి అప్పుడు తట్టింది. రెండేళ్లుగా మొండిదని పేరుపడ్డ గుర్రం, ఇంతసేపూ తన భుజం వదలకుండా ముందుకే వచ్చింది.

నాగులేటి ఒడ్డున పూరిపాక ముందు ఒక పడుచు ఉలవలు చెరుగుతున్నది. మాచయ్య కూతురు సింగి. వచ్చినవాణ్ణి కాళ్ల నుంచి నెత్తి దాకా చూసింది.

“ఏమప్పా, గుర్రాల బేరగాడివా? జీను భుజానేసుకొని గుర్రాన్ని ఉత్తగా నడిపిస్తాండావే, యాపారం బాగా సాగుతాందా?”

వసుకీర్తి బదులు చెప్పేలోపే గుర్రం పగ్గం విడిపించుకుని, సకిలిస్తూ పాకలోకి తల దూర్చింది. లోపల కూర్చున్న ముసలాయన మొలలో ముట్టె పెట్టి వెతికింది. ఒకప్పుడు అక్కడ బెల్లంముక్క ఉండేది.

“మబ్బూ!” అన్నాడు ముసలాయన. “మబ్బూ, నువ్వేనా తల్లీ!” మోచేతులతో దాని తల కావలించుకున్నాడు. చేతులతో పట్టుకోలేడు. రెండు చేతుల వేళ్లూ ముడుచుకుపోయి, అరచేతుల తోలు గట్టిపడి, పిడికిళ్లుగా మిగిలిపోయాయి.

శత్రుభంజనం అన్నది బిరుదు పేరు. లాయంలో దాన్ని అందరూ మబ్బు అనే పిలిచేవారని యువరాజుకు అప్పటిదాకా తెలియదు.

“మాచయ్యా, నేను...” అని మొదలుపెట్టాడు.

“తెలుసులే దొరా. దాని నుదుట సుక్కకు మసి పూస్తే గుర్రం మారిపోతాదా? మీ మొగానికి పూసినా అంతే.”

సింగి చేట కింద పెట్టేసి లేచింది. ఆమె చూపు చూసి వసుకీర్తి తల వంచుకున్నాడు. “నన్ను క్షమించు మాచయ్యా” అన్నాడు.

“ఆ మాట నాకొద్దు దొరా. కావాలంటే ఈ చేతులకు చెప్పండి, ఇంటాయేమో” అన్నాడు మాచయ్య. కోపంగా అనలేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. “వచ్చిన పని చెప్పండి.”

చెప్పాడు. మధూళిక పేరు వినగానే ముసలాయన మొహం మారింది. “ఆ పాపకు కొయ్యగుర్రం ఉండ్య. దానికి జీను కావాలని నా ఎనకాలే తిరిగేది. బెత్తెడు జీను కుట్టిచ్చినా. దిండు కింద పెట్టుకొని పండుకునేదంట.” తన పిడికిళ్ల కేసి చూసుకున్నాడు. “ఎన్ని దినాలుంది పున్నమికి?”

“ఏడు.”

“దోవకు ఒక దినం పోతే ఆరు. సాలవు. సాలించాల. నా చేతులు పోయినాయి గాబట్టి మీ చేతులు ఇయ్యండి.”

మొదట చేసిన పని మచ్చలు చూడడం. వసుకీర్తి అడగలేక అడగలేక అడిగాడు: “ఇవి ధూమ్రజటుడి ముద్రలు కావా?”

మాచయ్య తన పిడికిలి తీసి ఒక మచ్చ మీద పెట్టాడు. అది ఇప్పుడు సగానికి కూడా రాలేదు. “మీ చెయ్యి పెట్టండి దొరా.” పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. సింగి చెయ్యి పెట్టింది. సరిపోయింది. “ఎవురి చెయ్యి పెట్టినా సరిపోతాది. జీను చెక్క ఇరుకు, దీని మూపు వెడల్పు. చెక్క నొక్కిన చోట నెత్తురు ఆడదు, చెమట పట్టదు, కడాన వెంట్రుక తెల్లబడతాది. మంత్రం ల్యా, మాయా ల్యా. ఆ మాంత్రికుడు మన తెలివితక్కువతనాన్ని తన పేరు మీద రాసుకున్యాడు. ఆ పొద్దు సభలో మీరు మీ చెయ్యి పెట్టి చూసుకొని ఉంటే...” అని ఆపేశాడు. మిగతాది చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు గుర్రం వీపుకు తడిపసుపు పూసి, జీను ఒక్క క్షణం ఉంచి తీశారు. చెక్క ఒరుసుకున్న చోట్ల పసుపు చెదిరిపోయి తెలిసింది. బంకమట్టి పూసిన తడితాడును మూపు మీద వంచి, ఆ వంపు చెడకుండా ఎండబెట్టారు. ఇక జీను విప్పాలి. వసుకీర్తి ఆరె పట్టుకుని ఆగాడు. చిన్నప్పటి నుంచి విన్న శాసనం చెవిలో మోగింది.

“వంశం నిలవదంటారు” అన్నాడు.

“మీ వంశంలో మిగిలింది మీరూ ఆ పిల్లా. ఆ పిల్లేమో గోపురంలో ఉండాది. ఇంక దేన్ని నిలబెడతారు?” అంది సింగి.

ఆరె గుచ్చాడు. తోలు విచ్చుకుంది. లోపలి మెత్త కింద ఇంకొక మెత్త, దాని కింద మరొకటి, అట్లా ఏడు పొరలు బయటపడ్డాయి. ఒకటి మేకబొచ్చు, ఒకటి జింకబొచ్చు, ఒకటి బూరుగుదూది. ప్రతి పొరలోనూ వేలెడంత తాటాకు ముక్క ఒకటి ఉంది. సింగి చదివింది. “కోకిల అనే గుర్రానికి, మూపు సన్నం, ముందర మెత్త పెంచినాము.” “పాలపిట్ట అనే గుర్రానికి, ఎడమ భుజం బలం, కుడివైపు సరిచేసినాము.” ఏడు ఆకులు, ఏడు గుర్రాలు. వంశం ఏడు తరాలు నిలిచింది ఆరె గుచ్చినందువల్లనే. ఆ పిమ్మట ఏ రాజుకో బంగారం తాపడం చేయించాలనిపించింది, తాపడం చెడుతుందని ఆరె మానేశారు, మానేసినదానికి ఒక శాసనం కట్టారు.

“మా తాత చెప్తాండె. ఎవురూ నమ్మలా” అన్నాడు మాచయ్య. వసుకీర్తి ఆ ఆకులను వరసగా నేల మీద పేర్చి చాలాసేపు చూశాడు. ఆ రోజు సభలో ఒక్క కుట్టు విప్పి ఉంటే చాలు, ఈ ఏడు ఆకులూ సాక్ష్యం చెప్పి ఉండేవి.

పొద్దున పూట గుర్రంతో పని, ఎండ ముదిరాక జీనుతో పని. గుర్రం ఎక్కడానికి వీల్లేదన్నాడు ముసలాయన. కొరడా గాయాలకు వేపనూనె రాసి, వట్టి పగ్గంతో దాని భుజం పక్కన నిలబడమన్నాడు. వసుకీర్తి అలవాటు కొద్దీ పగ్గం లాగాడు. గుర్రం వెనక్కి లాగింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అది మొండిదంటిరి. ఎవురు మొండో ఇప్పుడు సూడండి” అంది సింగి.

“లాగితే అదీ లాగతాది దొరా” అన్నాడు మాచయ్య. “అడగల్ల. పగ్గం రవ్వంత, ఒక ఈసం బిగపట్టి ఊరికే ఉండండి. అది కాలు కదిలిచ్చిన చణమే వదులు చెయ్యండి. ముందుకు పోతే సుకం ఉందని దానికి తెలియాల. ఇన్నాళ్లూ ముందుకు పోతే నొప్పి, పోకపోతే దెబ్బ. అదేం చేస్తాది పాపం?”

మొదటి రోజంతా పని చేస్తే వచ్చింది ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగుకు మాచయ్య పండగ చేశాడు, బెల్లం పెట్టించాడు. రెండో రోజు గుర్రం పాక చుట్టూ తిరిగింది. మూడో రోజు పగ్గం నేల మీద పడేసినా వసుకీర్తి వెంట ఏటి ఇసుకలో పరుగెత్తింది. నాలుగో రోజు చెక్కను తాడువంపుకు తగ్గట్టు చెక్కి, కొత్త మెత్త పెట్టి, జీను మీద వేశారు. మాచయ్య తోక వైపు వంగి, వెన్నుపూసకూ జీనుకూ మధ్య సందులోంచి చూశాడు. “వెలుతురు కనబడతాంది. ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆకాశం కనబడాల, అప్పుడే అది జీను” అన్నాడు. అయిదో రోజు వసుకీర్తి మీదికెక్కాడు. గుర్రం ఒళ్లు బిగించింది. అతను ఏమీ చేయకుండా కూర్చున్నాడు. చాలాసేపటికి అది ఊపిరి వదిలి, చెవులు ముందుకు పెట్టి, నడిచింది. అతనికి ఏ యుద్ధం గెలిచినప్పుడూ అంత ఏడుపు రాలేదు.

ఆరో రోజు సాయంత్రం మిగిలింది ఎడమవైపు కాలు మోపే రికాబు. దాని పట్టీకి తొమ్మిది కుట్లు, ఒకటే దారం. వసుకీర్తి అరచేతులు అప్పటికే దబ్బనం పోట్లతో పచ్చిపుండయ్యాయి. నాలుగుసార్లు కుట్టాడు, నాలుగుసార్లు సింగి లాగి చూసి విప్పించింది. అయిదోసారి కుట్టేవేళకు ఆమె గుర్రానికి ఉలవలు పెట్టడానికి ఏటిగట్టుకు పోయింది. పొద్దు వాలుతున్నది. తెల్లవారేసరికి మడుగు గట్టున ఉండాలంటే ఇప్పుడే బయలుదేరాలి. తొమ్మిదో కుట్టు దగ్గర దారం చేతి నెత్తురుకు జారింది, బిగువు సడలింది. సరిచేయాలంటే అన్నీ విప్పాలి.

మాచయ్య పట్టీ మీద పిడికిలి ఆనించాడు. కాలిన తోలుకు కుట్టు తెలియదు. “గట్టిగా ఉండాదా దొరా?” అని అడిగాడు.

“ఉంది” అన్నాడు వసుకీర్తి.

ముసలాయన ఆ మాట నమ్మి తల ఊపాడు. “సరే, పోయి ఆ పాపను తీసుకరాండి” అన్నాడు.

పున్నమినాటి సూర్యుడి అంచు కొండ మీద మెరిసింది. మడుగు పొంగింది, పలకలు లేచాయి. గోపురం కిటికీలో ఎర్ర చెంగు లేదు. ఆశ వదులుకుని ఆమె ఊపడం మానేసిందేమోనని వసుకీర్తి గుండె కలుక్కుమంది. గుర్రం మొదటి పలక ముందు ఆగింది. వారం కిందట తన నెత్తురు చిందిన చోటు అదే. వసుకీర్తి మడమలు కదపలేదు. పగ్గం ఒక ఈసం బిగపట్టి, ఊపిరి వదిలాడు.

“మబ్బూ” అన్నాడు.

ముందటి కాలు లేచింది. పలక మీద డెక్క టక్కుమంది. రెండో అడుగు, మూడో అడుగు, ఆ తర్వాత అడుగులు కలిసిపోయాయి. పసుపు ఆవిరి చీలిపోతున్నది, పలకలు వెనక్కి ఉరుకుతున్నాయి, రాబందులు గోపురాల మీంచి లేచి కేకలు వేస్తున్నాయి. సగం దారి గడిచింది. సూర్యుడు సగం లేచాడు.

అప్పుడు గుర్రం తల మీద, గాలిలో, చెళ్లుమని కొరడా శబ్దం వినిపించింది.

కొరడా లేదు. ధూమ్రజటుడు ఆ శబ్దాన్ని మాత్రమే సృష్టించాడు. దానికోసం పెద్ద మంత్రమేమీ అక్కర్లేదు, వసుకీర్తి చేయి చేసిన చప్పుడే అది, వారం కిందట ఈవలి గట్టున వదిలేసి పోయినదే. గుర్రం నిలువునా బిగుసుకుపోయింది. మళ్లీ చెళ్లుమంది. పలక కుంగడం మొదలైంది. ఉడుకు నీరు డెక్కలను తాకింది.

వసుకీర్తి కిందికి దూకాడు. గుర్రం భుజం పక్కన చేరి, దాని కంటికి తన రెండు ఖాళీ చేతులు చూపించి, పగ్గం వదిలేసి ముందుకు పరుగెత్తాడు. కంటకవనంలో పరుగెత్తినట్టే, ఏటి ఇసుకలో పరుగెత్తినట్టే. వెనుక డెక్కల చప్పుడు విన్నాడు. పక్కకు వచ్చింది. కొరడా శబ్దం ఇంకా చెళ్లుమంటూనే ఉంది, కానీ ఇప్పుడది అతని చేతిలో లేదని గుర్రానికి కనబడుతున్నది.

దుర్గపు గట్టు ఇరవై పలకల దూరంలో ఉండగా అతని కాలు పాచి మీద జారింది. బోర్లా పడ్డాడు. మోకాలు చిట్లింది. బింబం దాదాపు నిండింది.

“పో!” అని అరిచాడు. “పో మబ్బూ, పో!”

ఏ మాట వినలేదని రెండేళ్లు దెబ్బలు తిన్నదో ఆ మాటే. గుర్రం పోలేదు. తిరిగి వచ్చి అతని పక్కన నిలబడింది. పలక కుంగుతున్నది. ఉడుకు నీరు దాని గిట్టలు దాటి పైకి వచ్చింది, బాధతో ఒళ్లు వణికింది, అయినా కదలలేదు. ఎక్కే వ్యవధి లేదు. వసుకీర్తి చేయి చాచి, అందిన ఎడమ రికాబును రెండు చేతులా పట్టుకున్నాడు.

గుర్రం దూకింది. అతన్ని ఈడ్చుకుంటూ దౌడు తీసింది. పలకల అంచులు పక్కటెముకలకు తగులుతున్నాయి. తల పక్కనే పట్టీ కిరకిరలాడింది. తొమ్మిదో కుట్టు జారింది. అది అతనికి తెలిసిన సంగతే. ఎనిమిదోది పుటుక్కున తెగింది. ఏడోది. ఒక్కొక్క తెంపూ విడిగా వినబడింది. ఆరోది. మడుగు వెనక నుంచి మూసుకుంటూ వస్తున్నది. అయిదోది తెగి పట్టీ సగం వేలాడింది. మధూళిక ప్రాణం నాలుగు కుట్ల మీద ఉన్నది. నాలుగోది తెగిన క్షణానే అతని భుజానికి మెత్తని మట్టి తగిలింది.

దుర్గపు గట్టు మీద పడ్డాడు. వెనుక వంతెన మునిగింది. గుర్రం వగరుస్తూ మీద నిలబడి, అతని మెడ దగ్గర ముట్టెతో వాసన చూసింది. దాని కాళ్లు కాలి బొబ్బలెక్కాయి. వసుకీర్తి రికాబు పట్టీ చేతిలోకి తీసుకుని చూశాడు. మూడు కుట్లు మిగిలాయి. ఈ పట్టీ మీద ఇక కాలు మోపడానికి లేదు. చెల్లెలు దొరికినా ఆమెను ఎక్కించుకుని దౌడు తీయడానికి లేదు. ఒక్క కుట్టు, విప్పి మళ్లీ కుట్టడానికి పట్టే కాస్త సేపు. నిజం చెప్పి ఉంటే ముసలాయన కోప్పడేవాడు కూడా కాదు, ఇంకోసారి కుట్టించేవాడు. ఆ చేతులకు తెలియదు గనకనే అబద్ధం చెప్పగలిగాడు. ఆ చేతులకు తెలియకుండా చేసింది తనే.

“లేదు మాచయ్యా” అన్నాడు పైకి, నాగులేటి దిక్కుకు తిరిగి. “గట్టిగా లేదు. ఒకటి వదులుగా ఉంది.”

మబ్బు చెవి తిప్పి విన్నది. ఎదురుగా శంఖదుర్గం ఇనుప తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం మొదలుపెట్టింది. వసుకీర్తి కత్తి దూసి, చిట్లిన మోకాలితోనే లేచి, గుర్రం ఎక్కకుండా దాని భుజం పక్కన నిలబడ్డాడు.